విరిగిన బ్లేడు చెప్పే పాఠం

జెట్ ఇంజను కనిపెట్టింది ఎవరు? ఏ క్విజ్ పోటీలో అడిగినా జవాబు ఠక్కున వస్తుంది. ఫ్రాంక్ విటిల్ అని ఒకరంటారు. కాదు, హాన్స్ ఫాన్ ఓహైన్ అని ఇంకొకరు లేచి నిలబడతారు. ఇద్దరికీ మార్కులు వెయ్యొచ్చు. ఇంగ్లండులో విటిల్ 1930లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఓహైన్ ఇంజనుతో ప్రపంచంలోని మొట్టమొదటి జెట్ విమానం హైంకెల్ 178 జర్మనీలో 1939 ఆగస్టు 27న గాలిలోకి లేచింది. ఇందులో పేచీ ఏమీ లేదు. నా పేచీ అంతా ఆ ప్రశ్నతోనే.

కనిపెట్టింది ఎవరు అని అడగటం మనకు అలవాటు. దాన్ని నమ్మకంగా పని చేయించింది ఎవరు, ఎన్నిసార్లు విరగ్గొట్టి చేయించారు అని మాత్రం అడగం. ఆలోచన పుట్టిన క్షణానికి దండ వేసి, ఆ తరువాత పడ్డ పదేళ్ల చాకిరీని ఒక్క వాక్యంలో దాటేస్తాం. మన చదువులోనూ, మన ప్రభుత్వాల ఖర్చులోనూ ఉన్న ఒక పెద్ద జబ్బుకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ మాట ఊరికే అంటే ఎవరూ నమ్మరు. అందుకని ఒక ఇంజను కథ చెబుతాను. దాని పేరు జూమో 004. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వేల సంఖ్యలో తయారు చేసి యుద్ధ విమానాలకు తగిలించిన టర్బోజెట్ ఇది.

సావనీరు చదివేవాళ్లలో ఆర్ట్సు మిత్రులు కూడా ఉంటారు కాబట్టి ముందు సూత్రం చెప్పుకుందాం. సూత్రం నిజంగా చిన్నదే. ముందు నుంచి గాలి పీల్చుకోవాలి. కంప్రెసర్‌తో దాన్ని నొక్కాలి. అందులో ఇంధనం చల్లి మండించాలి. వేడెక్కి ఉబ్బిన ఆ వాయువు వెనక్కి దూసుకుపోతూ దారిలో టర్బైను అనే చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రమే ఇరుసు మీదుగా ముందున్న కంప్రెసర్‌ను తిప్పుతుంది. మిగిలిన బలం వెనుక గొట్టంలోంచి బయటికి చిమ్మి విమానాన్ని ముందుకు నెడుతుంది. అంతే! బ్లాకు బోర్డు మీద పది నిమిషాల్లో గీసెయ్యొచ్చు. పరీక్షలో పది మార్కులు కూడా వస్తాయి.

ఇక ఆ బొమ్మలోని టర్బైను బ్లేడు సంగతి చూడండి. 700 డిగ్రీలు దాటిన వేడిలో నిమిషానికి దాదాపు 9,000 చుట్లు తిరగాలి. ఆ వేగానికి దాని బరువుకు వేల రెట్ల బలం దాన్ని చక్రంలోంచి బయటికి లాగుతూ ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనప ముక్కను అలా గిరగిరా తిప్పుతూ, సాగకుండా, పగలకుండా, కరగకుండా ఉండమనడం ఎంత కష్టమో ఊహించుకోండి. బోర్డు మీద గీసిన బొమ్మకు ఈ బాధ ఉండదు.

జంకర్స్ కంపెనీలో ఈ పని నెత్తికెత్తుకున్నవాడు ఆన్సెల్మ్ ఫ్రాంజ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు. 1939లో పని మొదలైంది. ఆయన గొప్పలకు పోలేదు. గాలిని తిన్నగా వెనక్కి నెట్టే ఎనిమిది దశల కంప్రెసర్, ఆరు విడి విడి దహన గదులు, ఒకే ఒక్క టర్బైను చక్రం — వీలైనంత సాదాగా, ముందు తిరిగితే చాలునన్నట్టు డిజైను చేశాడు. 1940 అక్టోబరులో మొదటి నమూనా బల్ల మీద తిరిగింది. 1942 జులై 18న ఈ ఇంజన్లు రెండు తగిలించుకుని మెసర్‌ష్మిట్ 262 కేవలం జెట్ బలంతో మొదటిసారి ఎగిరింది. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. అసలు కష్టాలు ఇక్కడే మొదలయ్యాయి.

మొదటిది లోహం. వేడికి తట్టుకునే ఉక్కుకు నికెల్, కోబాల్టు, మాలిబ్డినం లాంటివి కావాలి. యుద్ధంలో దిగ్బంధమైన జర్మనీకి అవి కరువు. నమూనా ఇంజనులో వాటిని ఉదారంగా వాడారు. వేల ఇంజన్లు చెయ్యాలంటే కుదరదన్నారు. కాబట్టి 004బి రకంలో దహన గదులకు మామూలు ఉక్కు రేకు వాడి, తుప్పు పట్టకుండా పైన అల్యూమినియం పూత వేసి కాల్చారు. టర్బైను బ్లేడ్లను బోలుగా చేసి, వాటిలోంచి చల్లగాలి పోనిచ్చారు. తరువాతి బ్లేడ్లను నికెల్ లేని మిశ్రమపు రేకును మడిచి, వెల్డింగు చేసి తయారు చేశారు. లేనితనం నేర్పిన తెలివి అది. బ్లేడును లోపలి నుంచి గాలితో చల్లబరచడం తరువాత ప్రపంచంలోని పెద్ద ఇంజన్లన్నింటికీ మామూలు పద్ధతైంది.

రెండోది ఇంకా ఆసక్తికరమైనది. 1943లో బ్లేడ్లు విరగడం మొదలుపెట్టాయి. బల్ల మీద వంద గంటల పరీక్షలు దాటిన ఇంజన్లలోనే ఇప్పుడు బ్లేడ్లు పుటుక్కున తెగుతున్నాయి. జంకర్స్ వాళ్లు మొదట లోహాన్ని అనుమానించారు. పోతలో లోపమా, రేణువు పరిమాణంలో తేడానా, ఉపరితలం గరుకుగా ఉందా అని వెతికారు. దొరకలేదు. ఆ రోజుల్లో ఒక సంగీత విద్వాంసుణ్ణి పిలిపించి, బ్లేడు అంచు మీద వయొలిన్ కమానుతో రాయించి, వచ్చిన స్వరాన్ని బట్టి అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తేల్చుకున్నారని చెబుతారు. మన త్యాగరాజ ఉత్సవాల్లో వయొలిన్ వాయించే ఏ విద్వాంసుడైనా చెయ్యగల పని! ప్రయోగశాలలో పరికరం చాలనప్పుడు మనిషి చెవిని పరికరం చేసుకున్నారన్నమాట.

చివరికి 1943 డిసెంబరులో కంపనాల నిపుణుడు మాక్స్ బెంటెలెను పిలిచారు. ఆయన చెప్పింది ఇది. దహన గదులు ఆరు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ప్రతి బ్లేడూ ఆరు వేడి ధారల ముందు నుంచి పోతుంది, ఆరు చిన్న తోపులు తింటుంది. నిమిషానికి 9,000 చుట్లంటే సెకనుకు 150. అంటే సెకనుకు 900 తోపులు. ఆ బ్లేడు సహజంగా కంపించే వేగం కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా సరిగ్గా ఆ క్షణానికే తోస్తే ఏమవుతుంది? చిన్న పిల్లవాడు తోసినా ఉయ్యాల ఆకాశానికి పోతుంది. బ్లేడుకూ అదే జరిగింది.

మందు ఎంత చిన్నదో చూడండి. బ్లేడును ఒక్క మిల్లీమీటరు పొట్టి చేశారు. మొదలు నుంచి కొస దాకా ఇంకాస్త సన్నగిల్లేటట్టు చెక్కారు. దానితో బ్లేడు సొంత కంపనం పైకి పోయింది. ఇంజను వేగాన్ని 9,000 నుంచి 8,700 చుట్లకు తగ్గించారు. తోపులు సెకనుకు 870కి దిగాయి. రెండూ ఎడమయ్యాయి, బ్లేడు బతికింది. ఒక్క మిల్లీమీటరు! ఏ పేటెంటు కాగితంలోనూ ఆ మిల్లీమీటరు లేదు. విరిగిన బ్లేడ్లను చెత్తబుట్టలో వెయ్యకుండా ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లకే అది దొరికింది.

ఇంత చేసినా ఆ ఇంజను ఆయుష్షు 10 నుంచి 25 గంటలు మాత్రమే. పైలట్ తొందరపడి థ్రాటిల్ నెట్టాడా, మంట ఆరిపోవడమో, టర్బైను కాలిపోవడమో జరిగేది. "హిట్లర్ ఆ విమానాన్ని బాంబర్‌గా మార్చమని మొండిపట్టు పట్టబట్టి ఆలస్యమైంది, లేకపోతే యుద్ధం ఇంకోలా పోయేది" అని కొందరు ఇప్పటికీ కథలు చెబుతారు. హిట్లర్ ఆ మాట అన్నది నిజమే. కానీ 1944 మధ్య దాకా ఫ్యాక్టరీలో భారీగా తయారు చెయ్యదగ్గ ఇంజనే సిద్ధం కాలేదు. విమానాలు ఇంజన్ల కోసం ఎదురు చూశాయి. నాయకుడి మూర్ఖత్వం మీదికి నెట్టేస్తే కథ రుచిగా ఉంటుంది. లోహం చెప్పే కథ చప్పగా ఉంటుంది. నిజం మాత్రం ఆ చప్పటి కథలోనే ఉంది.

ఇక్కడ ఇంకో మాట దాటవేస్తే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. జర్మన్ సాంకేతిక అద్భుతం అని నోరు వెళ్లబెట్టేవారు నోర్డ్‌హౌజెన్ పక్కన కోన్‌ష్టైన్ కొండ సొరంగాలను కూడా చూడాలి. వీ-2 రాకెట్లతో పాటు జంకర్స్ ఇంజన్లు కూడా ఆ సొరంగాల్లో తయారయ్యాయి. చాకిరీ చేసింది మిట్టెల్‌బౌ-డోరా నిర్బంధ శిబిరపు ఖైదీలు. ఆ శిబిరానికి తెచ్చిన సుమారు 60 వేల మందిలో 20 వేల మంది దాకా చనిపోయారు. ఒక్క మిల్లీమీటరును అంత శ్రద్ధగా కొలిచిన దేశం మనిషి ప్రాణాన్ని కొలవలేదు. ఇంజనీరింగు చదివే మిత్రులు ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కనే గుర్తుంచుకోవాలని నా మనవి. ఒకటి నేర్చుకోవలసింది. రెండోది ఎన్నటికీ క్షమించరానిది.

గెలిచిన పక్షం కథ కూడా ఏమంత పూలబాట కాదు. విటిల్ పేటెంటు పొడిగించడానికి 1935లో 5 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. ఆయన దగ్గర లేవు. ఎయిర్ మినిస్ట్రీ కట్టనన్నది. పేటెంటు చచ్చిపోయింది! మరుసటేడు మిత్రులు పోగుచేసిన కొద్ది డబ్బుతో ఒక చిన్న కంపెనీ పెట్టి, 1937 ఏప్రిల్ 12న ఇంజను తిప్పాడు. అది ఎగిరింది 1941 మే 15న. అయితే బ్రిటిషు వాళ్లకు ఒక అదృష్టం ఉంది: నికెల్. మాండ్ నికెల్ కంపెనీ వాళ్లు 1940 ప్రాంతంలో నిమోనిక్ అనే మిశ్రమ లోహాన్ని తయారు చేసి ఇచ్చారు. ఒక దేశంలో లోహం ఉంది, మొదట్లో నమ్మకం లేదు. ఇంకో దేశంలో డబ్బూ ఆజ్ఞలూ ఉన్నాయి, లోహం లేదు. ఈ రెండిటి మధ్య జెట్ యుగం కుంటుకుంటూ పుట్టింది.

"ఇదంతా తెల్లవాళ్ల చరిత్ర, మనకెందుకయ్యా?" అని మీరు అడగొచ్చు. ఎందుకో చెబుతాను. స్వతంత్రం వచ్చిన తొమ్మిదేళ్లకే, 1956లో, కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనరును బెంగుళూరు పిలిపించి మనం సొంత యుద్ధ విమానం మొదలుపెట్టాం. అదే మారుత్. 1961 జూన్ 17న ఎగిరింది. శరీరం ధ్వనివేగాన్ని బాగా మించి పోవడానికి తీర్చినది. గుండె మాత్రం దానికి తగ్గది దొరకలేదు. అనుకున్న శక్తిమంతమైన ఆర్ఫియస్ ఇంజనును పూర్తి చెయ్యాలంటే అభివృద్ధి ఖర్చు మీరు భరించండి అన్నారు ఇంగ్లండు వాళ్లు. మన ప్రభుత్వం భరించలేదు. చిన్న ఆర్ఫియస్‌తోనే సరిపెట్టారు. తరువాత ఈజిప్టులో ఒకప్పటి జంకర్స్ ఇంజనీరు ఫెర్డినాండ్ బ్రాండ్నర్ తయారు చేస్తున్న ఇంజను మీద ఆశ పెట్టుకుని ఒక మారుత్‌ను అక్కడికి పంపారు కూడా. ఆ పథకం మధ్యలోనే ఆగిపోయింది. 1971 యుద్ధంలో మారుత్ గౌరవంగానే పోరాడింది. కానీ పుట్టిన ప్రయోజనం నెరవేరకుండానే రిటైరైంది.

ఇంగ్లండులో 5 పౌండ్లు. ఇక్కడ కొన్ని లక్షల పౌండ్లు. అంకెలు వేరు, బుద్ధి ఒకటే. అయిపోయిన వస్తువుకు ఎంతైనా ఇస్తాం. అవుతున్న వస్తువుకు పైసా విదల్చం.

తరువాత కావేరి. 1989లో సుమారు 382 కోట్ల రూపాయలతో మంజూరైన ఇంజను. తేజస్ విమానానికని మొదలుపెట్టారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది అమెరికా ఇంజనుతో. 2008లో కావేరిని తేజస్ నుంచి విడదీశారు. బరువు ఎక్కువ, బలం తక్కువ అన్నారు. నిజమే. ఆ ఇంజనును పైకెత్తి గాలిలో పరీక్షించడానికి మన దగ్గర తగిన విమానం లేదు. 2010లో రష్యా పట్టుకెళ్లి అక్కడి విమానానికి తగిలించి పరీక్షించాల్సి వచ్చింది. పరీక్షించే బల్ల లేకుండా ఇంజను చెయ్యమనడం, చెరువు లేని ఊళ్లో ఈత నేర్చుకోమనడం లాంటిది.

కావేరి పేరెత్తితే నవ్వేవాళ్లను చాలామందిని చూశాను. "ఇన్నేళ్లూ ఏం చేశారు? అన్ని కోట్లూ ఏమైనట్టు?" అంటారు. లెక్క అడగటం తప్పు కాదు, అడగాలి కూడా. ఆలస్యానికి బద్ధకమూ, ఫైళ్ల మీద నిద్రా కారణమైన చోట ఎవరినీ వెనకేసుకు రావలసిన పని లేదు. కానీ నవ్వు వేరు, లెక్క వేరు. లెక్క అడిగేవాడు "ఏది విరిగింది, ఎందుకు విరిగింది, ఇప్పుడేం తెలిసింది?" అని అడుగుతాడు. నవ్వేవాడికి ఆ జవాబుతో పని లేదు.

పేద దేశానికి కొనుక్కోవడమే చౌక కదా అనే వాదన ఒకటుంది. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదది. ఆసుపత్రులకూ బడులకూ డబ్బు చాలని చోట ఇంజనుకు వందల కోట్లా అంటే, ఆలోచించాల్సిందే. నా జవాబు ఒక్కటే. యుద్ధ విమానం గొప్పదని నేను అనడం లేదు. వేడిలో నిలిచే లోహం, సన్నని కొలత, కంపనాల లెక్క — ఇవి కరెంటు తయారు చేసే టర్బైనుకూ, రైలుకూ, పంపుకూ కూడా కావాలి. అమ్మేవాడు ఇంజను అమ్ముతాడు గాని ఆ మిల్లీమీటరు ఎందుకు తగ్గించాడో చెప్పడు. అది మనం విరగ్గొట్టుకుని తెలుసుకోవలసిందే.

ఆశ లేకపోలేదు. అది దూరాన కూడా లేదు, మన హైదరాబాదులోనే ఉంది. కంచన్‌బాగ్‌లో 1973లో మిశ్రధాతు నిగమ్ పెట్టారు. ప్రత్యేక ఉక్కులూ, నికెల్ మిశ్రమ లోహాలూ అక్కడ తయారవుతాయి. ఆ పరిసరాల్లోనే ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల వాళ్లు ఒకే స్ఫటికంగా పోత పోసిన టర్బైను బ్లేడ్లను తయారు చేసి, 2021లో 60 బ్లేడ్లు హెచ్.ఎ.ఎల్.కు హెలికాప్టర్ ఇంజను కోసం ఇచ్చారు. లోహంలో రేణువుల మధ్య సరిహద్దులే లేకుండా పోత పోయడం అంటే మాటలు కాదు. ఆ వార్త మన పత్రికల్లో ఎంతమంది చదివారు? ఒక సినిమా ట్రైలరుకు దొరికిన చోటు దానికి దొరికిందా?

ఇక మన ఇంటి సంగతి. మెకానికల్ చదివి, ఫ్యాక్టరీల్లో పనిచేసిన పాత విద్యార్థిగా ఈ మాట చనువుతో అంటున్నాను. మన లాబుల్లో రీడింగులు వండటం ఒక కళ. ప్రయోగం మధ్యాహ్నం చేస్తారు, జవాబు ఉదయమే సీనియర్ల రికార్డులోంచి తెచ్చుకుంటారు. గ్రాఫు మీద చుక్కలన్నీ బుద్ధిగా గీత మీద కూర్చుంటాయి. ఒక్క చుక్క పక్కకు పోయిందా, రబ్బరు పెట్టి తుడిచేస్తారు. ఆ తుడిచేసిన చుక్కే మనకు కావలసిన విరిగిన బ్లేడు! విద్యార్థులను మాత్రమే అనడం న్యాయం కాదు. జవాబు కుదిరిన రికార్డుకు పదికి పది, కుదరని రికార్డుకు ఎర్రసిరా అయితే, ఏ పిల్లవాడు నిజం రాస్తాడు?

నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ గారొకరు ఉండేవారు. పెద్ద చదువు లేదు. ఆయన బల్ల కింద ఒక చెక్కపెట్టె. అందులో విరిగిన షాఫ్టులు, పళ్లు రాలిన గేర్లు, పగిలిన బేరింగులు. ప్రతి దానికీ తీగతో కట్టిన చీటీ, చీటీ మీద తేదీ, మిషను పేరు. కొత్తగా చేరిన ఇంజనీరు వస్తే ముందు ఆ పెట్టె తీసి, "ఇది ఎందుకు విరిగిందో చెప్పండి సార్" అనేవారు. మా బ్యాచీ వాళ్లం ఆ పెట్టె దగ్గర నేర్చుకున్నది తక్కువేం కాదు. బెంటెలె చేసిన పనీ, ఈయన చేసిన పనీ ఒకే జాతివని నాకు అనిపిస్తుంది.

కాబట్టి లెక్చరర్లకు ఒక మనవి. కుదరని రీడింగును నిజాయితీగా రాసి, ఎందుకు కుదరలేదో అర పేజీ రాసిన విద్యార్థికి కుదిరినవాడి కంటే రెండు మార్కులు ఎక్కువ వెయ్యండి. పాత విద్యార్థులకు ఇంకో మనవి. కాలేజీకి విరాళమిచ్చేటప్పుడు మీ పేరు చెక్కించుకునే గేటుకు ఇవ్వకండి, వర్కుషాపులో ఒక టెస్టింగు బల్లకు ఇవ్వండి.

యూనియన్ మిత్రులకు చివరిగా ఒక కోరిక. వచ్చే ఏడాది ఎగ్జిబిషన్‌లో పని చేసే మోడళ్లతో పాటు పని చెయ్యని మోడళ్లకు కూడా ఒక బల్ల కేటాయించండి. ఏది విరిగింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకని అనుకుంటున్నారు అని ఒక కార్డు ముక్క మీద రాయించి పక్కన పెట్టండి. ఆ బల్ల ముందు జనం తక్కువే ఉండవచ్చు. ఆగి చదివే ఆ నలుగురైదుగురిలోంచే మనకు ఇంజన్లు చేసేవాళ్లు వస్తారు.